బల్ల మీద ఏం పెట్టాలి?

పోయినవాళ్ల వస్తువుల్ని బొమ్మగా వేస్తే నివాళి అంటారు. ఎవరికి నివాళి అన్నదే నా అనుమానం. బల్ల మీద ఏది ఉండాలో ఏది ఉండకూడదో తేల్చేది బతికున్నవాడు. కాదనడానికి అవతలి మనిషి లేడు. ఫొటోకి దండ వేసినా ఇదే కథ. పోయిన మర్నాటి నుంచీ ప్రతి తండ్రీ దేవుడే.

చిత్రకారుడు వాన్ గో తండ్రి పాస్టరు. 1885 మార్చిలో ఇంటి గుమ్మం దగ్గరే కుప్పకూలి చనిపోయాడు. అదే ఏడాది అక్టోబరులో కొడుకు ఆయన బైబిల్‌ని యెషయా 53వ అధ్యాయం దగ్గర తెరిచిపెట్టి స్టిల్ లైఫ్ వేశాడు. పక్కన ఆరిపోయిన కొవ్వొత్తి. ఇక్కడితో ఆపితే చక్కటి సంతాప చిత్రం అయ్యేది. కానీ బైబిల్ ముందు, బల్ల అంచున, చదివి చదివి నలిగిన పసుపు అట్ట జోలా నవల పెట్టాడు. ఫ్రెంచి పుస్తకాలంటే తండ్రికి గిట్టదు. ఇద్దరూ వాటి మీద పోట్లాడుకున్నవాళ్లే.

తండ్రి నోరు మూతపడ్డాక కొడుకు తన మాట నెగ్గించుకోవడం కాదూ ఇది? అలాగే అనుకునేవాణ్ణి. కానీ ఆ బొమ్మలో బల్లంతా బైబిల్‌దే. నవల చిన్నది, ఓ మూలన ఉంది. నెగ్గాలనుకున్నవాడు అలా వేయడు. దండ కన్నా ఆ తగువే మర్యాదగా తోచింది నాకు.

ఆ ధైర్యంతోనే, బొమ్మ వేద్దామని, పోయిన మా నాన్న సామాను బల్ల మీద సర్దాను. కళ్లజోడు, పంచాంగం, ముక్కుపొడి డబ్బా. పేక దస్తా కూడా. చెమటకి అంచులు నల్లబడ్డాయి. పోయిన జోకరుకి బదులు ఎవరిదో శుభలేఖ అట్ట కత్తిరించి ఇరికించాడాయన.

"ఒరే, అది తీసెయ్యి. నలుగురూ చూసేది," అన్నాడు అన్నయ్య. తీశాను. మిగిలినవి చూస్తే ఎవరి నాన్నవైనా కావచ్చు. మళ్లీ పెట్టాను. ఉన్నది ఉన్నట్టు వేయాలని అన్నయ్యకి చెప్పడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

ఈలోగా అమ్మ వచ్చింది. "నా నాంతాడు తాకట్టుకెళ్లింది దీనికే," అంది. కోపం లేదు, బియ్యం ధర చెప్పినట్టు చెప్పింది. నా మాటలు నా దగ్గరే ఉండిపోయాయి.

వాన్ గో తగువు వాన్ గోదే. నాకు పేకతో ఏ తగువూ లేదు. నాన్న పక్కన కూర్చుని ముక్కలు కలపడం నేర్చుకున్నవాణ్ణి. ఆ దస్తాతో తగువున్నది అమ్మకి. దాన్ని బొమ్మలో పెట్టి నిజాయితీపరుడినని అనిపించుకోబోయింది నేను. ఆ నిజాయితీకి డబ్బు కట్టింది ఆవిడ. పోనీ తీసేసి వేద్దామంటే మళ్లీ దండేసిన ఫొటోయే అవుతుంది.

పేకతోనే వేశాను. అమ్మ ఉన్నన్నాళ్లూ అది ఆ ఇంటి గోడ ఎక్కదు.