నొచ్చిన పాదముతో శ్రీగిరి యాత్ర

హరళయ్య అను చర్మకారుడు కల్యాణ నగర వీథిలో బసవేశ్వరునికి "శరణు" అని ఒక్కమారు మ్రొక్కెను. బసవన్న "శరణు శరణార్థి" యని అంతకంటె మిన్నగా బదులు పలికెను. ఆ అధికమైన శరణు తనపై తీరని ఋణమైనదని హరళయ్య పరితపించి, తన తొడ చర్మమును భార్య కల్యాణమ్మ తొడ చర్మమును తీసి, పాదరక్షలు కుట్టి సమర్పించెను. బసవన్న వానిని కాళ్లకు తొడుగుకొనలేదు, శిరస్సున ధరించెను. ఈ కథ చెప్పువారు హరళయ్య భక్తిని, బసవన్న వినయమును కొనియాడి విడుతురు. మరియొక సంగతి కూడ అందు కలదు. శరణుల లోకములో చెప్పు నీచవస్తువు కాదు. పాదమును కాచు వస్తువునకు అచ్చట శిరస్సుపై స్థానము దొరకినది.

మహాశివరాత్రికిని ఉగాదికిని శ్రీశైలమునకు కాలినడకన పోవువారు నేటికిని వేలకొలది. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించు కన్నడ భక్తులు దినముల తరబడి నడచి వత్తురు. ఆత్మకూరు దాటి, వెంకటాపురము మీదుగా నాగలూటి వీరభద్రుని దర్శించి, పెద్దచెరువు, భీముని కొలను గడచి కైలాసద్వారము చేరు నల్లమల దారి వారిది. 14వ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు సోపానములు కట్టించెనని శాసనములు చెప్పుచున్నవి. ఆ మెట్లెక్కు యాత్రికులలో నడివయస్సు దాటినవారు, ఏండ్ల తరబడి మడమనొప్పితో బాధపడువారు తక్కువమంది కారు.

ఆ నొప్పి తీరు ఎరిగినవారికే తెలియును. తెల్లవారి మంచము దిగి మోపిన తొలి యడుగు ముల్లు గ్రుచ్చినట్లుండును. నాలుగడుగులు వేసిన సడలును. ఎక్కువసేపు నిలిచిన మరల తిరుగబెట్టును. మడమ నుండి వ్రేళ్ల మొదలు వరకు అరికాలి క్రింద సాగియున్న బలమైన పట్టీ పదే పదే లాగబడి నొచ్చుటయే చాలమందిలో దీనికి కారణమని వైద్యులు చెప్పుదురు. ఇట్టివాడు ఉత్తకాళ్లతో కొండ నడతునని మ్రొక్కుకొని, గురువు నొద్దకు పోయి "స్వామీ, చెప్పు తొడిగిన మ్రొక్కు చెడునా?" యని అడుగుట వింత కాదు.

ఇష్టలింగము మెడలో నుండగా కొండ యెందుకని కొందరు వెంటనే బదులిత్తురు. సిద్ధాంతమున అది సరియే. కాని ఆ మాట ఎక్కువగా ఎన్నడును నడవనివారి నోటనే వినబడును. అక్కమహాదేవి కల్యాణము విడిచి శ్రీగిరి కదళీవనమునకు పోయినది. అల్లమప్రభువును అచ్చటికే చేరెను. పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమునే రచించెను. కావున ప్రశ్న పోవలెనా వద్దా యని కాదు. ఏ దేహముతో, ఎట్లు పోవలెనని.

శ్రీశైల చరిత్రలో దేహమును ఛేదించుకొను భక్తియు నుండెను. 1377లో అనవేమారెడ్డి కట్టించిన వీరశిరోమండపమున వీరులు శిరస్సులు, నాలుకలు ఖండించి అర్పించెడివారు. దానికి ప్రక్కనే సిద్ధరామేశ్వరుని కథను నిలుపవలెను. సొన్నలిగె బాలుడు మల్లయ్యను వెదకుచు శ్రీగిరికి వచ్చి, కానక, లోయలో దూకబోయెను. మల్లికార్జునుడు చేయి పట్టి ఆపి, ఊరికి మరలి సేవ చేయుమనెను. ఆతడు పోయి చెరువు త్రవ్వించెను. కొండపై దేవుడు అడిగినది ప్రాణము కాదు, కాయకము.

బసవన్న ఒక వచనములో మానవుని కాళ్లను దేవాలయ స్తంభములతో పోల్చెను. స్తంభమును పగులగొట్టుట పూజ యెట్లగును? నేతపని, సేద్యము చేయువాడు యాత్ర నుండి కుంటుచు వచ్చి మూడు నెలలు మూల గూర్చున్నచో ఆతని కాయకము చెడును, దాసోహము ఆగును, ఇల్లాలిపై రెండింతల భారము పడును. ఆ ఉత్తకాళ్ల మ్రొక్కు ఫలము ఇదియే యైనచో అది లింగార్పణము కాదు.

శివరాత్రికి నడువదలచినవాడు కార్తికమాసముననే మొదలిడవలెను. తొలుత నొప్పి పుట్టని దూరమే నడచి, వారము వారము కొంచెము పెంచి, వారమునకు ఒకటి రెండు దినములు కాలికి విశ్రాంతి నీయవలెను. మంచము దిగక ముందే తువ్వాలును వ్రేళ్లకు తగిలించి పాదమును తనవైపు లాగుకొనవలెను. గోడకు చేతులానించి పిక్కలను సాగదీయవలెను. ఇష్టలింగపూజకు చాలసేపు మఠము వేసికొని కూర్చుండువారు లేచునప్పుడు సైతము ఇట్లే చేయవలెను, ఏలయన అప్పటి తొలియడుగును ఉదయపు అడుగు వంటిదే. చన్నీటి సీసాను అరికాలి క్రింద దొర్లించుట వలన ఉపశమనము కలుగును. మడమ క్రింద మెత్తనుండు పాదరక్షలను ముందుగానే తొడిగి అలవాటు పడవలెను. క్రొత్తవి తొడిగి అడవిలో ప్రవేశించుట బొబ్బలను కొనితెచ్చుకొనుటయే. సమతలముపై నడక చాలదు. భీముని కొలను దిగుట, ఎక్కుట రాతిమెట్లపైననే గనుక మెట్లపై అభ్యాసము ముఖ్యము. నొప్పి తెలియకుండ మాత్రలు మ్రింగి నడచుట తగదు.

మధుమేహము గలవారి విషయము వేరు. వారి పాదములకు స్పర్శ తగ్గియుండవచ్చును. ముల్లు దిగినను, ఎండకు కాలిన రాయి చర్మమును కాల్చినను తెలియకపోవచ్చును. అది పుండై కాలునే తీసివేయవలసి వచ్చుట కలదు. వారు వైద్యునకు చూపక బయలుదేరరాదు, ఉత్తకాళ్లతో అసలే నడువరాదు. రాత్రి బసలో తోడివానిచే అరికాళ్లు చూపించుకొనవలెను.

ఇంత సిద్ధపడినవానికిని కష్టమైనది మరియొకటి కలదు: సేవ నందుకొనుట. దారిపొడవున అన్నము పెట్టువారు, నీళ్లిచ్చువారు, కాళ్లకు నూనె రాయువారు నుందురు. చాలమంది భక్తులు సిగ్గుపడి కాళ్లు ముడుచుకొందురు. అష్టావరణములలో పాదోదకము ఒకటి. జంగముని పాదము కడుగుటయే పుణ్యమని నమ్మిన సమాజములో పుట్టి, తన కాలు చాపుటకు సంకోచించువాడు ఎదుటివాని దాసోహమునకు అడ్డు నిలుచుచున్నాడు.

అడవిలో ప్రవేశించిన పిదప మరలుట కష్టము. కనుక తుది నిర్ణయము ఆత్మకూరులోనే చేసికొనవలెను. అక్కడికే కాలు వాచి, అడుగు పడని స్థితి వచ్చినచో దోర్నాల మీదుగా శ్రీశైలమునకు బస్సు కలదు. తోడివారు ఎగతాళి చేయక తమ మూటలనుకూడ ఆతనితో బస్సులో పంపినచో, భీముని కొలను మెట్లు వారికిని కొంత తేలికగును.