దాసోహము, ఉచితము ఒకటియేనా?

 

రెండేండ్ల క్రిందటి కార్తికమాసమున మా కొత్తపేట ప్రాంతమునందలి ఒక శివాలయ ప్రాంగణమున జరిగిన అన్నసమారాధనను గూర్చి మీతో విన్నవించుకొనవలయునని యున్నది. అందులో నా తప్పొకటి కలదు. దానిని ముందుగా చెప్పుకొని పిమ్మట ధర్మము మాట యెత్తుట మేలు.

ఆ దినమున వేయిమందికి పైగా విస్తళ్లు వేయవలసి యుండెను. వంటవారికి ఇంత, షామియానా వారికి ఇంత, అరటియాకులకు, కూరలకు, గ్యాసు బండలకు ఇంత అని సంఘమువారమందరము కూర్చుండి పద్దు వ్రాసుకొంటిమి. మైకుసెట్టు వద్దకు వచ్చునప్పటికి కలము ఆగినది. "అది రాయక్కర్లేదండి. మనూరి కుర్రోడికే డీజే బండుంది. ధర్మకార్యం గదా, ఊరికే వేసిపెడతాడు" అని ఒకరనిరి. తక్కినవారు తలలూపిరి. ఆ కుర్రవాడు ఎనిమిదవ తరగతిలో నా వద్ద తెలుగు చదువుకొన్నవాడగుటచే అడుగు భారము నాపై బడినది. పోయి అడిగితిని. "ఆయ్, మీరడగాలేంటండి మాస్టారూ, వచ్చేత్తాను" అనెను. ఒక పద్దు తగ్గించితిని గదా యను గర్వముతో ఇంటికి మరలితిని.

డీజే యను రెండక్షరముల వెనుక 'డిస్కు జాకీ' యను మాట యున్నది. డిస్కు అనగా గ్రామఫోను పళ్లెము. జాకీ అనగా పందెపు గుర్రమునెక్కు రౌతు. పళ్లెముపై స్వారి చేయువాడని తాత్పర్యము. మన సీమలో ఆ పేరు మనిషిని విడిచి బండికి స్థిరపడినది. చిన్న ట్రక్కు, దానిపై గోడవలె పేర్చిన పెట్టెలు, వెనుక జనరేటరు, తీగలు లాగుటకును పెట్టెలు మోయుటకును ఇద్దరు సహాయకులు, ఇంతయు కలిసినచో డీజే.

ఆ బండి తెల్లవారక ముందే వచ్చినది. రుద్రాభిషేకము మొదలు చివరి పంక్తి వరకు ఆ ముగ్గురును ఎండలో నిలిచియుండిరి. తప్పిపోయిన పిల్లవాని పేరు పిలిచినది వారే. నీళ్ల బిందెలు ఏ మూలకు కావలయునో చాటినది వారే. సాయంకాలము నాలుగు గంటలకు వారు ఆకుల ముందు కూర్చుండునప్పటికి పులుసు నిండుకొన్నది, కూర అడుగంటినది. వడ్డించువాడు అన్నముపై మజ్జిగ పోసి "ఏమనుకోకండి" అనెను. వేయిమందికి తృప్తిగా పెట్టితిమని మైకులో చెప్పించుకొన్న సంఘము, ఆ మైకు పట్టినవానికి మజ్జిగన్నము పెట్టినది!

అంతటితో ముగియలేదు. చీకటి పడిన పిమ్మట నేను చెప్పులు వెదకికొనుచు బండి వెనుకకు పోగా, ఆ అబ్బాయి తన జేబులో నుండి నోట్లు తీసి సహాయకులిద్దరకు కూలి లెక్కించుచుండెను. డీజిలు ఖర్చు కూడ అతనిదే. అడుగగా అడుగగా తెలిసినదేమనగా, ఆ మాసములో అది ఆరవ ఉచిత కార్యక్రమమట. ఒకటి రక్తదాన శిబిరము, ఒకటి బడి వార్షికోత్సవము, తక్కినవి సమారాధనలు. మా దినముననే వచ్చిన పెండ్లి బేరమును వదలుకొన్నాడట. యాంప్లిఫయరు కొన్న అప్పునకు వాయిదా మిగిలియున్నది. "అడిగినోళ్లందరూ పెద్దోళ్లేనండి. ఎవరికి లేదనమంటారు?" అనెను. నాకు మాట రాలేదు.

శరణులారా! కల్యాణపురమున బసవేశ్వరుని కాలమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ యను దంపతులుండిరి. వీథులలో రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే వండి జంగమారాధన చేయుట ఆ దంపతుల వ్రతము. ఒకనాడు మారయ్య నిత్యము కంటె అధికముగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ చేటలోనికి చూచి, ఇది మన కొలతకు మించినది, ఎక్కడ నుండి తెచ్చితివో అక్కడనే పోసి రమ్మని పంపెను. పేదరాలి యింట ఎక్కువ బియ్యము వచ్చినచో సంతోషింపవలయును గదా! ఆమె సంతోషింపలేదు. ఒకరి కష్టమునకు సంబంధింపని గింజ దాసోహమునకు పనికిరాదని ఆమె యెరుగును.

ఈ కథను నేను బడిలో ఎన్ని పర్యాయములు చెప్పితినో లెక్కలేదు. అట్లుండియు మా సమారాధన చేటలో ఎక్కువగా వచ్చిన గింజలను నేను చూడనైతిని. ఆ అబ్బాయి తన శ్రమను ఈశ్వరార్పణము చేసినచో అది అతని దాసోహము. ఆ సహాయకుల కూలి ఎవరిది? వారు ఇయ్యలేదు, వారినెవరును అడుగనైనను లేదు. డీజిలు బంకువాడు ధర్మమునకు పోయలేదు. ఇవన్నియు ఆ యువకుని మొగమోటము మీదుగా మా పద్దులోనికి జారిపడిన గింజలు. దానము చేయువానికి 'నేనిచ్చితిని' యను అహంకారము అంటునని భయపడియే శరణులు దానము మాట తగ్గించి దాసోహమను మాట పట్టుకొనిరి. తనంతట తాను ఇచ్చినది దాసోహము. పెద్దలు వచ్చి నిలుచుండగా కాదనలేక ఇచ్చినదానికి తెలుగులో వేరొక పేరు కలదు. వెట్టి.

మరునాటి యుదయము సంఘమువారి చేత కొంత సొమ్ము కవరులో పెట్టించి పట్టుకొనిపోతిని. అతడు చేతులు వెనుకకు పెట్టుకొనెను. "ధర్మానికిచ్చింది మళ్లీ పుచ్చుకుంటే ఆ ధర్మం ఉండదండి మాస్టారూ" అనెను. శిష్యుడు గురువునకు పాఠము చెప్పుట యనగా నిదియే. చాలసేపు మాటలాడి తుదకొక యొప్పందమునకు వచ్చితిమి. కూలీల కూలి, డీజిలు సంఘము ఇచ్చుకొనవలయును. అతని రోజు, అతని సామాను అద్దె అతని యిష్టము. ఇంకొక మాట కూడ అడిగెను: "ముందుగా చెప్పండి. ముహూర్తాలు లేని రోజైతే నాకూ నష్టముండదు." ఇంత చిన్న మాటను ఏ సంఘమును అతనిని అడుగలేదట.

మన పూర్వులకీ మర్యాద తెలియనిది కాదు. దక్షయజ్ఞ కథతో ముడిపడిన దాక్షారామము గౌతమికి ఆవలి యొడ్డుననే కలదు. మల్లికార్జున పండితారాధ్యులవారి జన్మస్థానమని చెప్పబడు పుణ్యక్షేత్రమది. ఈ ప్రాంతమున వీరభద్రుని సంబరములకు వీరనాట్యము వేయువారికి, డోలు వాయించువారికి బియ్యము, వస్త్రము, దక్షిణ సంభావనగా ఇచ్చుట ఆచారము. కనుమనాడు అంబాజీపేట మండలమందలి జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు వచ్చును గదా. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారముల ప్రభలను యువకులు భుజములపై నెత్తుకొని కౌశిక కాలువ నీటిలో దిగి దాటింతురు. 2023 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో మన రాష్ట్ర శకటముగా నడచినదీ తీర్థమే. ప్రభ మోయు భుజమునకు కూలి లేదు. అది ఏడాదికొకనాటి సేవ, ఊరంతయు పంచుకొను బరువు. దాని ముందు డోలు వాయించువానికి మాత్రము అదియే బ్రతుకుతెరువు, కావుననే సంభావన. పెద్దలు ఈ రెండింటిని కలపలేదు, మనము కలిపివేసితిమి.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కీర్తించిన భక్తులలో కిన్నర బ్రహ్మయ్య యున్నాడు. కిన్నెర వాయించుట అతని కాయకము, దాని ఫలమే జంగమారాధనకు వినియోగమయ్యెను. ఉల్లిగడ్డను గూర్చి తాను పలికిన మాటకు అతడు అలిగిపోగా సాక్షాత్తు బసవేశ్వరుడే అతనిని ప్రసన్నుని చేసికొనెనని కథ. రాజ్యభాండారమునకు అధికారియైనవాడు ఒక వాద్యకాని యలుక తీర్చెను. మన సంఘాధ్యక్షులలో ఎందరు మైకుసెట్టువాని యలుకను గమనింతురు? (నన్నును కలుపుకొనియే యీ ప్రశ్న.)

ఉచితముగా చేయు కళాసేవ చిన్నదని నేననుట లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలాది ప్రాణములు పోయినప్పుడు ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు మొదలగు నటులు ఊరూర జోలె పట్టిరి. 1971 ఆగస్టు 1న న్యూయార్కులో పండిత రవిశంకరు, జార్జి హారిసను కలిసి బంగ్లాదేశ్ శరణార్థుల కొరకు కచేరి చేసిరి. కళాకారులు ఉచితముగా పాడిరి గాని, పిమ్మట వచ్చిన రికార్డుల, చలనచిత్రపు సొమ్ములో చాల భాగము పన్నుల చిక్కులలో బడి ఏండ్ల తరబడి నిలిచిపోయినది. ఇచ్చువాని మనసు నిర్మలమైనంత మాత్రమున చాలదు, పుచ్చుకొనువాని లెక్క కూడ సరిగా నుండవలయును.

1996 నవంబరు 6 రాత్రి తుపాను మన కోనసీమ కొబ్బరితోటలను నేలగూల్చినది. అప్పుడు నేను యువకుడను. కరెంటు లేదు, త్రోవలు లేవు. మా ఊరి మైకువాడొకడు బ్యాటరీ, ఒక బాకా సైకిలు వెనుక కట్టుకొని, పడిన చెట్ల మీదుగా సైకిలునెత్తుకొని దాటుచు, బియ్యము ఎక్కడ పంచుచున్నారో, వైద్యులు ఏ బడిలో నున్నారో చాటుచు తిరిగెను. అతనిని ఎవరును పిలువలేదు, ఎవరును పైస ఇయ్యలేదు. ఆ కంఠము నాకిప్పటికిని వినబడును. దాసోహమనిన నాకు ముందు గుర్తువచ్చునది ఆ సైకిలే.

ఇక శబ్దము మాట. ఆ కవరు నాడు కుర్రవాడు నా మాటకు రెండు మూడు మార్లు "ఏంటండీ?" అనెను. రాత్రిళ్లు కుడి చెవిలో ఈలవలె మ్రోగుచున్నదట. ముప్పది యేండ్లు నిండలేదు! 85 డెసిబెల్స్ శబ్దమును దినమునకు 8 గంటలు మించి వినరాదని వైద్యవిజ్ఞానము చెప్పుచున్నది. మూడేసి డెసిబెల్స్ పెరిగినకొలది ఆ కాలము సగమగును. నూటికి చేరునప్పటికి మిగులునది పావుగంట. పెట్టెల ప్రక్కన దినమంతయు నిలుచువాని సంగతి ఇక చెప్పనేల? "తగ్గించరాదా?" అంటిని. "బేసు తగ్గితే జనం ఊరుకోరండి. ధర్మానికి కదా అని చప్పగా వేశాడంటారు" అనెను. కనుక ఆ చెవిపోటులోను మనకు పాలున్నది. దేశమందు 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములున్నవి; రాత్రి 10 మొదలు ఉదయము 6 వరకు బహిరంగ స్థలములలో లౌడుస్పీకరు కూడదు. హైదరాబాదు పోలీసులు 2024లో మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించిరి. నిషేధము వచ్చువరకు మనము ఆగనేల? గుడి ప్రక్క యింట పక్షవాతముతో పడియున్న వృద్ధుడును ఇష్టలింగధారియే. అతని గుండెపై మోగించి, బయట అన్నము పెట్టుచున్నామనుట ఏ లెక్క?

నిరుటి కార్తికమున మరల సమారాధన జరిగినది. పద్దు పుస్తకమున వంటవారి క్రింద "మైకు: డీజిలు, ఇద్దరి కూలి" అని వ్రాసి సొమ్ము ముందునాడే పంపితిమి. పెట్టెలు నాలుగింటికి బదులు రెండు తెచ్చి, అతడు చెవులలో దూది పెట్టుకొనెను. మొదటి పంక్తిలో ఆ ముగ్గురకు ఆకులు వేసి, వారు భోజనము చేయునంతసేపు మైకు వద్ద నేను కూర్చుంటిని. ఏ మీట నొక్కవలయునో తెలియక రెండుమార్లు కూత పెట్టించితిని. పులిహోర చేతితోనే లేచివచ్చి, "మీరు ముట్టుకోకండి మాస్టారూ" అని అతడు నవ్వెను.