తీర్పరిని ముందుగా ప్రశ్నింపవచ్చునా?

ఇద్దరు వర్తకులకు లెక్కలలో తగవు వచ్చినప్పుడు మధ్యవర్తి నొకని కుదుర్చుకొందురు. మధ్యవర్తి పేరు చెప్పగనే ఒక పక్షమువారు లేచి, "ఈయన మాకు సమ్మతము కాదు. మావంటివారికి బజారులో చోటుండరాదని లోగడ నలుగురిలో చెప్పియున్నారు" అనినచో, అది తప్పని ఎవరును అనరు. తీర్పు వెలువడి, అది తమకు ప్రతికూలమైన పిమ్మట మధ్యవర్తిని ఆడిపోసుకొనినచో మాత్రము అది పెద్దరికము కాదు. అభ్యంతరము చెప్పుటకు ఒక సమయమును, తలయొగ్గుటకు ఒక సమయమును గలవు.

ఈ బజారు న్యాయము ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానమునకు గూడ వర్తించునా? న్యాయమూర్తి కాబోవువానిని వలదని సామాన్యజనులు శాసనసభ్యులకు అర్జీలు పంపుట ధర్మమా? లేక అది న్యాయపీఠమును గుంపు కేకలకు లొంగదీయుటయా? 1930లో అమెరికా సంయుక్త రాష్ట్రములలో నడచిన ఒక వ్యవహారమును చూచినచో ఈ ప్రశ్నలోని రెండు వైపులును తెలియగలవు.

ఆ దేశమున సుప్రీంకోర్టు న్యాయమూర్తిని అధ్యక్షుడు ప్రతిపాదించును. సెనేటు అను ఎగువసభ సమ్మతించిననే నియామకము చెల్లును. 1913 నాటి రాజ్యాంగ సవరణ తరువాత సెనేటర్లను ప్రజలే నేరుగా ఎన్నుకొనుచున్నారు. ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొను హక్కు 1791 నుండియు వారి రాజ్యాంగములో గలదు. మన దేశమున న్యాయమూర్తుల నియామకము శాసనసభ్యుల వోటునకు రాదు గనుక, ఈ తీరు అర్జీలు మనకు క్రొత్తగా తోచవచ్చును. కాని తన తగవు తీర్చువానిని గూర్చి మాటాడుటకు సామాన్యునికి హక్కు గలదా యను ధర్మసందేహము అన్ని దేశములకును సమానమే.

1930 మార్చి నెలలో శాన్‌ఫర్డ్ అను న్యాయమూర్తి మరణించెను. ఆ స్థానమునకు అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్, ఉత్తర కరోలినాకు చెందిన జాన్ పార్కర్ పేరును సెనేటునకు పంపెను. పార్కర్‌కు అప్పుడు 44 సంవత్సరములు. 1925 నుండి అప్పీలుకోర్టులో న్యాయమూర్తి. ఆయన సమర్థతను శంకించినవారు తక్కువ. అయినను రెండు వైపులనుండి అభ్యంతరములు బయలుదేరెను.

మొదటిది కార్మిక సంఘములది. సంఘములో చేరమని యజమానులకు వ్రాసియిచ్చిన బొగ్గుగని కూలీలను సంఘమువారు తమవైపు త్రిప్పుకొనరాదను ఉత్తరువును 1927లో పార్కర్ ఖాయపరచెనని వారి ఫిర్యాదు. రెండవది నల్లజాతివారి అభ్యున్నతికై 1909లో ఏర్పడిన జాతీయ సంఘముది. 1920లో పార్కర్ తన రాష్ట్ర గవర్నరు పదవికి పోటీచేసినప్పుడు, నల్లవారు రాజకీయములలో పాల్గొనుట ఉభయ జాతులకును కీడు కలిగించునను భావముతో మాటాడియుండెను. ఆ మాటలు పత్రికలో అచ్చుపడెను.

ఇచ్చట ఆ సంఘమువారి నడవడి గమనింపదగినది. కార్యదర్శి పని చూచుచుండిన వాల్టర్ వైట్ గాలివార్త పట్టుకొని కేకలు వేయలేదు. పత్రికా ప్రతిని తెప్పించెను. ఆ మాటలు మీవేనా, నేటికిని మీ అభిప్రాయమదేనా యని పార్కర్‌కే తంతి నిచ్చెను. జవాబు రాలేదు. అటుపిమ్మటనే సెనేటు ఉపసంఘము ఎదుట సాక్ష్యము చెప్పెను. ఊరూర సంఘ శాఖలు, చర్చీలు సభలు జరిపి తంతులు, ఉత్తరములు పంపెను. దక్షిణ రాష్ట్రములలో తలపన్ను, చదువు పరీక్ష మొదలగు అడ్డంకులచే నల్లవారిలో అనేకులకు వోటే లేకుండెను. వోటులేనివానికి కాగితము, తపాలా బిళ్ళయే మిగిలిన ఆయుధములు. ఉత్తరాది పట్టణములలో వోటున్న నల్లవారు తమ సెనేటర్లకు ఆ సంగతి జ్ఞాపకము చేసిరి. మే 7వ తేదీన వోట్లు లెక్కించగా అనుకూలము 39, ప్రతికూలము 41. అధ్యక్షుని ప్రతిపాదనను సెనేటు వోటుతో త్రోసిపుచ్చుట 1894 తరువాత అదే మొదలు.

ఈ రెండు అభ్యంతరములును ఒకే తూకమునకు తూగవు. బొగ్గుగని కేసులో పార్కర్, 1917లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పునకు తాను బద్ధుడనని చెప్పుకొనెను. యజమాని కట్టిన ధరకు సరుకమ్మిన గుమాస్తాను, ధర హెచ్చని తిట్టుట ఎంత న్యాయమో, ఆ నింద అంతే న్యాయము. 1920 నాటి మాటలు అట్టివి కావు. వానిని పలుకుమని ఏ పైకోర్టును శాసింపలేదు. ఎన్నికల వేళ అన్నమాట గదా యని కొందరు సమర్థించిరి. లాభమునకై తూకము మార్చినవాడు, బేరము వేళ మార్చితినే గాని ఎల్లప్పుడును మార్చనని చెప్పినచో, అతని చేతికి ఊరి తక్కెడ నప్పగింతురా?

అయితే తరువాతి చరిత్ర ఈ లెక్కను చిక్కుపరచును. ఆ స్థానమునకు వచ్చిన ఓవెన్ రాబర్ట్స్‌పై ఇట్టి అభ్యంతరమేదియు నిలువలేదు. కాని టెక్సాసు రాష్ట్రములో ఒక పార్టీ తన అభ్యర్థుల నేర్పరచుకొను ప్రాథమిక ఎన్నికలకు నల్లవారిని రానీయకుండుట చెల్లునని 1935లో కోర్టు తరఫున తీర్పు వ్రాసినది ఆయనయే. త్రోసివేయబడిన పార్కరో, నల్లజాతి ఉపాధ్యాయులకు జాతినిబట్టి తక్కువ జీతమిచ్చుట రాజ్యాంగ విరుద్ధమని 1940లో నార్ఫోక్ పట్టణపు కేసులో తీర్పు చెప్పెను. 1947లో దక్షిణ కరోలినాలో అట్టి ప్రాథమిక ఎన్నికలే చెల్లవను తీర్పును ఖాయపరచెను. అంతటితో ఆయన ఖాతా తీరలేదు. 1951లో అదే రాష్ట్రమున తెల్లపిల్లలకు, నల్లపిల్లలకు వేర్వేరు బడులుండుట చెల్లునని వ్రాసెను. 1954లో సుప్రీంకోర్టు ఆ విధానమునే కొట్టివేసెను.

అట్లయిన 1930లో అర్జీలు పంపినవారు పొరబడిరా? కాదనియే చెప్పవలెను. చిట్టాలో ఏ దినమునకు ఆ దినము తెలిసినదే వ్రాయుదురు. పదేండ్ల తరువాత రాబోవు జమను ముందుగా వేసికొను వర్తకుడు లేడు. ఆ దినమున వారి యెదుట ఉన్నది అచ్చుపడిన మాట, జవాబు రాని తంతి. తమ బిడ్డల హక్కులను జీవితకాలము చేతబట్టుకొనబోవువానిని గూర్చి ఆ మాత్రము ఆధారముతో వలదనుట వారి హక్కే గాక, వారి బాధ్యత గూడ. అంత మాత్రమున తరువాత వచ్చిన జమను వ్రాయకుండుటయు తగదు. 1940, 1947 నాటి తీర్పులు పార్కర్ పేర జమయే. 1951 నాటిది ఖర్చే. ఒక పుటలోని ఖర్చు చూపి మరియొక పుటలోని జమను కొట్టివేయు లెక్క దొంగలెక్క.

వోటు ముగిసిన పిమ్మట సంఘమువారు చేసినది గూడ చూడవలెను. పార్కర్‌కు వోటువేసిన సెనేటర్లకు ఎదురుగా ఎన్నికలలో పనిచేసిరి. కాన్సాసులో ఆలెన్, ఒహాయోలో మెక్కల్లక్ 1930లోనే ఓడిరి. ప్రతినిధిని ప్రజలు లెక్క అడుగుట ఎన్నికల ధర్మమే. పార్కర్ మాత్రము తన అప్పీలుకోర్టులో 1958లో మరణించువరకు న్యాయమూర్తిగనే యుండెను. ఆయన యెదుటికే ఆ సంఘ న్యాయవాదులు పోయిరి. వారిలో ఒకరు తర్గుడ్ మార్షల్. 1967లో సుప్రీంకోర్టు న్యాయమూర్తియైన మొదటి నల్లజాతీయుడు ఆయనయే. తాము వలదన్న మనుష్యుని కోర్టులో నిలిచి, చట్టము చూపి వాదించి, కొన్ని గెలిచిరి, కొన్ని ఓడిరి.

అర్జీ పెట్టుటలో ధర్మము ఈ నడవడిలో నున్నది. విన్నది నిజమా యని ముందు విచారింపవలెను. ఎవరిని గూర్చి చెప్పుచున్నారో వారినే మొదట అడుగవలెను. పైవారి ఆజ్ఞ వలన చేసినదానిని, తన ఇష్టముతో పలికినదానిని వేరుచేసి చూడవలెను. అభ్యంతరమును పీఠమెక్కకముందే, పేరు దాచుకొనక, బహిరంగముగా చెప్పవలెను. పీఠమెక్కినవాని యెదుట వాదనతోనే నిలువవలెను. తరువాత ఆయన మంచి చేసినచో, వలదన్న చేతితోనే దానిని జమ కట్టవలెను. మొదటి అయిదును చేయువారు కొందరైన నుందురు. ఆ చివరిదానికే మనస్సు పెద్దది కావలసియున్నది.