ఆలస్యముగా వచ్చినవారి విస్తరి



పెండ్లి ఆరాధనలలో మనము తరచుగా వినునది మొదటి కొరింథీ పత్రిక 13వ అధ్యాయము. అది నూతన దంపతుల కొరకే వ్రాయబడినదని తలంచువారును కలరు. కాని పౌలు దానిని సుమారు క్రీ.శ. 55లో ఎఫెసునుండి వ్రాసినది కలహములతో నిండిన యొక సంఘమునకు. వారు బోధకుల పేరట పక్షములుగా చీలిరి. సహోదరులై యుండియు న్యాయస్థానములకెక్కిరి. నన్ను ఎక్కువగా గ్రుచ్చునది 11వ అధ్యాయములోని సంగతి. ప్రభువు భోజనమునకు కూడివచ్చినప్పుడు కొందరు ముందుగా తిని తృప్తిపొందుచుండిరి, లేనివారు ఆకలితో మిగిలిపోవుచుండిరి. అందుకు పౌలు చెప్పిన మందు ఎంత చిన్నది! తక్కినవారు వచ్చువరకు ఆగుడనెను, అంతే. ప్రేమను గూర్చిన ఆ గొప్ప అధ్యాయము ఈ భోజనపు తగవు తరువాతనే వచ్చుచున్నది.

మనలో చాలమందికి ఎవరిమీదను ద్వేషము లేదు. ఆకలి మాత్రమే యున్నది.

నా సంగతి చెప్పెదను. ఒక డిసెంబరు మాసమున ప్రేమవిందులో నేను మొదటి పంక్తిలోనే కూర్చుంటిని. వరికోతకు పోయిన స్త్రీలు ప్రొద్దు గ్రుంకిన తరువాత, కొడవళ్లు చూరులో చెక్కి వచ్చిరి. అప్పటికి కూర అయిపోయి, చారు మిగిలినది. నేను నొచ్చుకొనగా వారిలో ఒకామె, “పరవాలేదండీ అయ్యగారూ, మాకు అలవాటేనండి” అనెను. కూర రెండవమారు అడిగి వేయించుకొన్నవాడను నేనే. ఆనాడు ప్రేమను గూర్చి ప్రసంగించినవాడనును నేనే.

ఆమె చారన్నము తిని, మా విస్తళ్లుకూడ ఎత్తి పారవేసి వెళ్లెను.