వద్దని చెప్పే మనిషి

క్రూజ్ టికెట్టు కొన్నాక అసలు కొనుగోలు మొదలవుతుంది. ఓడ ఆగే ప్రతి రేవుకీ, ఒడ్డున ఏమేం చేయొచ్చో ఒక జాబితా వస్తుంది. స్నార్కెలింగ్, మూడు గంటలు. స్నార్కెలింగ్ ప్లస్ బీచ్ ప్లస్ భోజనం, ఐదు గంటలు. అడుగున గాజు బిగించిన పడవ. డాల్ఫిన్లతో ఈత. మాయన్ శిథిలాలు. ఒక్కోదాని పక్కన ధర, ఎంత కష్టమో చెప్పే గుర్తు, ఎన్ని స్టార్లొచ్చాయో లెక్క. చీరల కొట్లో కూర్చుని ఒక్కోటీ విప్పించినట్టు మనం ఒక్కోటీ తెరిచి చూసి, పక్కన పెట్టి, మళ్ళీ మొదటిదానికే వస్తాం.

ఇందులో నీతి ప్రశ్న ఎక్కడుంది? ఏడాదంతా పనిచేసి నాలుగు రోజులు సెలవు పెట్టుకుంటే అక్కడ కూడా నీతేనా? న్యాయమైన విసుగే. కానీ ప్రశ్న ఉంది. మనం మామూలుగా వెతికే చోట మాత్రం లేదు. ఈ ట్రిప్పు 'గ్రీనా' కాదా, ఈ సన్‌స్క్రీన్ మంచిదా కాదా అనే దగ్గర కన్నా, ఇంకో చోట ఉంది: ఆ ఆరు గంటల్లో మనకి 'వద్దు' అని చెప్పగలిగే మనిషి ఎవరైనా ఉన్నారా?

కొజుమెల్‌ని తీసుకుందాం. టెక్సాస్‌లో ఉండే తెలుగువాళ్ళకి ఈ పేరు కొత్త కాదు. థాంక్స్‌గివింగ్‌కో పిల్లల స్ప్రింగ్ బ్రేక్‌కో నాలుగు కుటుంబాలు కలిసి హ్యూస్టన్ పక్కనున్న గాల్వెస్టన్‌లో ఓడెక్కి, నాలుగైదు రాత్రుల్లో వెళ్ళొచ్చే మెక్సికో దీవి అది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ళనీ తీసుకెళ్తారు. దీవిలో ఉండేది లక్ష మంది లోపే. ఓడల్లో వచ్చి దిగేవాళ్ళు మంచి ఏడాదుల్లో 40 లక్షల పైమాట. మూడు క్రూజ్ రేవులు, ఒక్కో ఓడలో మూడు నాలుగు వేల మంది, పొద్దున దిగి సాయంత్రానికల్లా మళ్ళీ ఎక్కేస్తారు.

వాళ్ళు చూడ్డానికొచ్చేది నీళ్ళ కింద ఉంది. యుకటాన్ కొస నుంచి హోండురస్ దాకా సుమారు 1000 కిలోమీటర్లు సాగే మెసోఅమెరికన్ పగడపు దిబ్బలో ఒక ముక్క. పగడం అనగానే మనకి కుజదోషం ఉంగరం గుర్తొస్తుంది. ఆ ఎర్ర పగడం వేరే జాతి, కానీ సంగతి ఒకటే. అది రాయి కాదు, చిన్న చిన్న జంతువులు కట్టుకున్న అస్థిపంజరం. దిబ్బని కట్టే గుండ్రటి పగడాల్లో చాలావాటికి ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. ఈతకెళ్ళినవాడు ఆనుకుని నిలబడిన ఆ గుండు వయసు వాళ్ళ తాతగారి వయసు కావచ్చు.

నిలబడ్డం అనేది దుర్మార్గం వల్ల జరగదు. మాస్కులోకి నీళ్ళొస్తాయి. ఉప్పునీళ్ళు ముక్కుకెక్కుతాయి. ఈత సరిగ్గా రాని మనిషి కంగారుపడి, కాలికి ఏది తగిలితే దాని మీద నిలబడతాడు. అది పగడం. మనలో చాలామంది పెద్దయ్యాక అపార్ట్‌మెంట్ పూల్‌లో ఈత నేర్చుకున్నవాళ్ళం, లేదా నేర్చుకోనివాళ్ళం. కాబట్టి జాబితాలో 'కష్టం' అని ఉండే ఆ చిన్న గుర్తు మన భద్రతకి సంబంధించింది మాత్రమే కాదు. 'నాకు ఈత అంతంతమాత్రం' అని ఒప్పుకుని, కింద ఇసుక ఉన్న చోటు ఎంచుకోవడం కూడా ఒక నీతి నిర్ణయమే. మన సామర్థ్యం గురించి మనం చెప్పుకునే చిన్న అబద్ధానికి మూల్యం చెల్లించేది వేరే ప్రాణి.

అయినా ఒక్క పాదం వల్ల ఏమవుతుంది? 40 లక్షల మందిలో నేనొక్కణ్ణి. ఈ ప్రశ్నని తత్వశాస్త్రంలో డెరెక్ పార్ఫిట్ గట్టిగా పట్టుకున్నాడు. 1984లో వచ్చిన 'రీజన్స్ అండ్ పర్సన్స్'లో ఆయన ఒక ఊహాచిత్రం గీస్తాడు. వెయ్యి మంది హింసకులు, వెయ్యి మంది బాధితులు. ఒక్కో హింసకుడు వెయ్యి యంత్రాల్లో ప్రతిదాన్నీ ఒక్క మెట్టు మాత్రమే తిప్పుతాడు. ఏ ఒక్క మెట్టు వల్లా ఎవరి నొప్పీ గమనించేంతగా పెరగదు. కానీ అందరూ తిప్పేసరికి వెయ్యి మందీ భరించలేని నొప్పిలో ఉంటారు. 'నా వల్ల ఎవరికీ తేడా తెలియలేదు' అని ప్రతివాడూ నిజమే చెప్తాడు. అంతమాత్రాన ఎవరూ నిర్దోషి కాడంటాడు పార్ఫిట్. విడిగా చూస్తే లెక్కలోకి రాని పని, అందరితో కలిపి చూసినప్పుడు తప్పు కావచ్చు.

ఇది మనకి కొత్త విషయమేం కాదు. గుడి బయట చెప్పులు విడిచేటప్పుడు 'నా జత చెప్పులతో ఎంత మట్టి వస్తుందిలే' అని ఎవరూ లెక్కేయరు. విడవాలి కాబట్టి విడుస్తారు. ఇక్కడో తమాషా. కొజుమెల్‌కి తూర్పున గ్రాండ్ కేమన్ దీవి దగ్గర స్టింగ్‌రే సిటీ అని ఒక ఇసుక మేట ఉంది. జాలర్లు అక్కడ చేపలు శుభ్రం చేసి పారేసేవాళ్ళు. ఆ వ్యర్థాల కోసం టేకు చేపలు చేరాయి, వాటి కోసం మనుషులు చేరారు. మామూలుగా రాత్రిపూట ఒంటరిగా మేత వెతుక్కునే చేపలు, ఇప్పుడు పర్యాటకుల పడవల వేళకి పగలు గుంపుగా వస్తున్నాయి. అక్కడ ప్రభుత్వం పెట్టిన నియమాల్లో రెండు: చేపని నీళ్ళలోంచి పైకి తీయకూడదు, నిలబడగలిగే లోతులో కాళ్ళకి ఏమీ తొడుక్కోకూడదు. వాళ్ళు చేప మీద కాలు పడితే గాయం కాకూడదని పెట్టుకున్నారు. కానీ చెప్పులు విడిచి అడుగుపెట్టడం అంటే ఏమిటో మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

నియమం ఉంటే సరిపోతుందా? దీని మీద నాకు చాలా ఉపయోగపడిన ఆధారం ఒకటుంది. కరీబియన్‌లోనే సెయింట్ లూసియాలో స్కూబా డైవర్ల వెనకే నీళ్ళలో ఉండి, ఎవరు ఎన్నిసార్లు పగడాన్ని తాకుతున్నారో లెక్కపెట్టిన అధ్యయనం 2004లో అచ్చయింది. దిగే ముందు చెప్పే సూచనల్లో 'పగడాన్ని తాకొద్దు' అని ఒక మాట కలిపితే తేడా ఏమీ కనబడలేదు. తాకినప్పుడు గైడ్ దగ్గరకొచ్చి ఆపితే మాత్రం తాకడం బాగా తగ్గింది. అంటే కరపత్రాలూ సంకల్పాలూ దిబ్బని కాపాడలేదు. కాపాడింది, వెనకనుంచి వచ్చి భుజం తట్టి 'ఊహూఁ' అని వేలూపిన మనిషి.

ఇప్పుడు ఆ మనిషి పరిస్థితి ఆలోచించండి. అతని ముందు ముప్పై మంది ఉన్నారు. అందరూ డబ్బు కట్టినవాళ్ళే. సాయంత్రానికి టిప్పు ఇచ్చేదీ వాళ్ళే, స్టార్లు వేసేదీ వాళ్ళే. ఓడ ద్వారా అమ్మిన ట్రిప్పయితే ఫిర్యాదు కంపెనీకి వెళ్తుంది, నలుగురు ఫిర్యాదు చేస్తే కాంట్రాక్టుకి ఎసరు. రేవు బయట విడిగా మాట్లాడుకున్న పడవయితే రివ్యూ నేరుగా అతని పేరు మీదే పడుతుంది. ఏదైనా నోటికి తాళం ఒకటే. ఎల్ సియెలో అనే చోట లోతు తక్కువ నీళ్ళలో తెల్లటి ఇసుక మీద నక్షత్ర చేపలుంటాయి. ఒకాయన దాన్ని పైకి తీసి, కూతురి చేతిలో పెట్టి ఫోటో తీస్తున్నాడనుకుందాం. నీళ్ళ బయట ఉంచితే దానికి ప్రమాదమని గైడ్‌కి తెలుసు. చెప్పాలా? చెప్తే నాలుగు స్టార్లు. చెప్పకపోతే ఐదు. అతను చిరునవ్వు నవ్వి, ఫోటో తానే తీసిపెడతాడు.

మనం కొన్నది ఈ మౌనాన్నే. జాబితాలో దానికి ధర కనబడదు, అంతే.

'అతిథి' అనే మాటని మనం చాలా తేలిగ్గా వాడతాం. అతిథికీ గిరాకీకీ తేడా ఉంది. అతిథికి ఆ ఇంటివాళ్ళు 'అటు వెళ్ళకండి, అక్కడ పాప నిద్రపోతోంది' అని చెప్పగలరు. గిరాకీకి చెప్పలేరు. యాంటిగాలో పుట్టిన జమైకా కిన్‌కెయిడ్ 1988లో 'ఎ స్మాల్ ప్లేస్' అనే సన్నటి పుస్తకం రాసింది. మొదటి పేజీల్లో పర్యాటకుణ్ణి ఎదురుగా నిలబెట్టి 'నువ్వు' అంటూ మాట్లాడుతుంది. ఆ దీవివాళ్ళు చిరునవ్వు వెనక దాచుకున్నదంతా అందులో బయటికి వస్తుంది. చదువుతుంటే మనం ఎటువైపో తేల్చుకోవడం కష్టం. పాలితుల పిల్లలుగా ఆమె కోపం మనకి అర్థమవుతుంది. కానీ అరకులో రిసార్టు వెనక మంటేసి థింసా ఆడించుకుని, ఆడినవాళ్ళ ఊరి పేరైనా అడక్కుండా బస్సెక్కినవాళ్ళం కూడా మనమే. పర్యాటకుడు తెల్లవాడే కానక్కర్లేదు.

అసలు 'వద్దు' అనే మనిషే ఎదురుపడని ఏర్పాటు కూడా ఉంటుంది. హైతీ ఉత్తర తీరంలో లబాదీ అనే చోటుని రాయల్ కరీబియన్ కంపెనీ 1986 నుంచి లీజుకి తీసుకుని, కంచె వేసి, తన ప్రయాణికుల బీచ్‌గా నడిపింది. 2010 జనవరి 12న హైతీలో పెద్ద భూకంపం వచ్చింది. రాజధానిలో శవాలు ఇంకా వీధుల్లోనే ఉన్నాయి. అక్కడికి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న లబాదీలో 15వ తేదీన ఆ కంపెనీ ఓడ ఆగింది. ప్రపంచమంతా వాదించుకుంది. ఓడల్లో సహాయ సామగ్రి కూడా తెచ్చాం, ఆపేస్తే అక్కడ పనిచేసే హైతీవాళ్ళ జీతాలు పోతాయి అని కంపెనీ అంది. అది అబద్ధం కాదు. కొంతమంది ప్రయాణికులు మనసొప్పక ఓడలోనే ఉండిపోయారు. పక్కన శోకం ఉండగా ఈత కొట్టొచ్చా అన్నదే అప్పటి చర్చ. నాకు మాత్రం భూకంపం కన్నా ముందు ఇరవై నాలుగేళ్ళుగా ఉన్న కంచె గురించి అడగాలనిపిస్తుంది. దేశానికి పేరుంది, తీరముంది. కానీ 'ఇవాళ వద్దు' అని గానీ 'రండి, ఒక చెయ్యి వేయండి' అని గానీ అనగలిగే మనిషి కంచెకి అవతలే ఉన్నాడు. ఆ రోజు కంచె కొత్తగా పుట్టలేదు, కొత్తగా కనబడింది.

దీనికొక బలమైన అభ్యంతరం ఉంది, దాటేయకూడదు. ఓడ తాగే ఇంధనం, రేవుకి చేరడానికి ఎక్కిన విమానం, ఇవన్నీ చేసి చివర్లో పగడం మీద కాలు పెట్టనని మడి కట్టుకోవడం వేషం కాదా? దిబ్బని అసలు చంపుతున్నది వేడి. 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా, ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబడిపోతున్న నాలుగో విడత నడుస్తోందని ప్రకటించింది. దాని ముందు నా పాదం ఎంత?

నిజమే, పాదాలన్నీ ఆగినా దిబ్బ బతుకుతుందన్న హామీ లేదు. కానీ మూలుగుతున్న నక్క మీద తాటిపండు వేసేవాడు, నక్క ఎలాగూ పోయేదే కదా అని తప్పించుకోలేడు. కొజుమెల్‌లో అదే జరిగింది. 2014లో ఫ్లోరిడా తీరంలో మొదట కనబడిన పగడాల జబ్బు 2018లో ఇక్కడికి చేరింది. 2019 అక్టోబరులో మెక్సికో అధికారులు పలాంకార్, కొలంబియా, ఎల్ సియెలో ప్రాంతాల్లోకి పర్యాటకుల్ని కొన్నాళ్ళు రానివ్వలేదు. వాటి మీదే బతికే ఊరు, వాటి మీదే ఆధారపడ్డ పడవలు. అయినా ఆపారు. జబ్బు ఆ ఆపడం వల్ల పోలేదు. కానీ ఒక చోటుకి 'వద్దు' అనే అధికారం ఉందని ఆ రోజు తెలిసింది. ఆ వారం డబ్బు కట్టి వచ్చి నిరాశపడ్డవాళ్ళు, వాళ్ళకి తెలియకుండానే, కొద్దిసేపు అతిథులయ్యారు.

అలాగని మానేసి ఇంట్లో కూర్చోమనడం నా ఉద్దేశం కాదు. ఎవరూ రాకపోతే గైడ్‌కి అధికారమూ ఉండదు, అన్నమూ ఉండదు. చూడనిదాన్ని కాపాడాలని మనుషులకి అంత తొందరగా అనిపించదు కూడా. ఓడవాళ్ళు అమ్మేది కొనడమే తప్పని కూడా అననక్కర్లేదు. ఓడ ట్రిప్పు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్తే ఆగదు. పైగా చలికాలంలో కొజుమెల్ గడియారం టెక్సాస్ కన్నా గంట ముందుంటుంది, ఓడ టైమూ ఊరి టైమూ కలవకపోవచ్చు. డెబ్భై ఏళ్ళ నాన్ననీ ఏడేళ్ళ పిల్లనీ వెంటబెట్టుకున్నవాళ్ళు ఆ భయానికి కాస్త ఎక్కువ ధర కట్టడంలో వింతేం లేదు.

ఎంచుకునేటప్పుడు అడిగే ప్రశ్న మారాలి, అంతే. ఏం చూపిస్తారు అని కాకుండా, ఏం చేయనివ్వరు అని అడగాలి. గైడ్‌కి ఎంతమంది? మొదటిసారి దిగేవాళ్ళని ఇసుక ఉన్న చోట దింపుతారా, నేరుగా దిబ్బ మీదేనా? చేపలకి మేత వేస్తారా? సన్‌స్క్రీన్ బదులు పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకోమంటారా? రివ్యూలు కూడా తలకిందులుగా చదవొచ్చు. 'గైడ్ మరీ స్ట్రిక్ట్, పిల్లల్ని దేన్నీ ముట్టుకోనివ్వలేదు' అని ఎవరో రెండు స్టార్లే ఇచ్చి ఉంటే, వెతుకుతున్న మనిషి అక్కడ దొరికినట్టే. తిరిగొచ్చాక మనమిచ్చే ఐదు స్టార్లలో అతను మనల్ని ఎక్కడ ఆపాడో కూడా రాయాలి. మన చేతిలో ఉన్న ఆ కాస్త అధికారంతో అతని 'వద్దు'కి విలువ కట్టగలం.

ఇంతా చేసి ఇది ఒక మెయిలు పని. డబ్బు కట్టే ముందు రాయండి: 'మావాళ్ళెవరైనా పగడం మీద నిలబడితే మీ గైడ్ ఏం చేస్తాడు?' 'ఏం పర్వాలేదు, మా దగ్గర అందరూ హాయిగా ఎంజాయ్ చేస్తారు' అని వస్తే ఇంకొకటి చూసుకోండి. 'మొదటిసారి చెప్తాడు, రెండోసారి పడవెక్కించేస్తాడు' అని వస్తే, ధర కాస్త ఎక్కువైనా, కట్టేయండి.