లెక్క వేయని మాట

ఎన్నికల ప్రణాళికల్లో అంకెలకు కొదవుండదు, మొత్తాలే కనబడవు. నెలకు వెయ్యి అని ఉంటుంది, ఎందరికో ఉండదు. బస్సు ఉచితం అని ఉంటుంది, ఆ టిక్కెట్టు డబ్బు కార్పొరేషనుకు ఎవరు కడతారో ఉండదు. 2022 అక్టోబరులో ఎన్నికల సంఘం పార్టీలకు ఉత్తరం రాసి, ఒక్కో వాగ్దానానికి ఎంత ఖర్చవుతుందో, ఆ సొమ్ము ఎక్కణ్ణించి తెస్తారో ఒక పత్రంలో చూపాలని ప్రతిపాదించింది. చాలా పార్టీలకు అది రుచించలేదు. మాకూ ప్రజలకూ మధ్య నీ పెత్తనం ఏమిటన్న ధోరణిలో జవాబిచ్చాయి. ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. కాని అడిగేది ఎవరైనా అడగదగ్గ ప్రశ్న అదే. ఖర్చెంతో చూసుకోకుండా మాటివ్వడం నీతేనా?

దీన్ని ఆర్థిక శాఖ గుమాస్తాల గొడవగా మనం వదిలేస్తుంటాం. నాకు మాత్రం ఇది ధర్మాధర్మాలకు సంబంధించిన సంగతిలాగే కనిపిస్తుంది. మా తమిళనాడులో జరిగినదే చూడండి. 2021 ఎన్నికల్లో డి.ఎం.కె. కుటుంబ పెద్ద అయిన ఇల్లాలికి నెలకు 1,000 రూపాయలిస్తామంది. రాష్ట్రంలో రేషన్ కార్డులు రెండు కోట్లకు పైనే. రెండు కోట్లనే తీసుకున్నా ఏడాదికి 24,000 కోట్లు. ఐదో తరగతి పిల్లవాడు చెయ్యగలిగిన గుణకారం ఇది. ఎన్నికల ముందు ఎవరూ పైకి చేసి చూపలేదు. గెలిచిన రెండేళ్ళకు, 2023 మార్చి బడ్జెట్‌లో, 7,000 కోట్లు కేటాయించారు. పథకం సెప్టెంబరులో మొదలు గనక అది ఏడు నెలల మాట. ఆ సొమ్ముకు సరిపడేలా నిబంధనలు వచ్చాయి: ఏడాది ఆదాయం రెండున్నర లక్షలు మించకూడదు, మాగాణి అయితే ఐదెకరాలు, మెట్ట అయితే పదెకరాలు దాటకూడదు, ఏడాదికి కరెంటు 3,600 యూనిట్ల లోపే కాలాలి. కోటీ అరవై లక్షల మందికి పైగా అర్జీలు పెట్టుకుంటే, 2023 సెప్టెంబరు 15న పథకం ప్రారంభమైనప్పుడు కోటీ ఆరు లక్షల మందికి దక్కింది.

పథకం మంచిదే. నెలనెలా తన పేరిట బ్యాంకులో వెయ్యి పడటం ఒక ఇల్లాలికి ఏమిటో, అది పడనివాళ్ళకే బాగా తెలుస్తుంది. నిబంధనలు పెట్టడం తప్పని కూడా నేననను, ఉన్నవాళ్ళకు ఇవ్వనక్కర్లేదు. నా అభ్యంతరం వరస మీద. లెక్క ముందు వేసి ఉంటే ఆ బరువు మాటిచ్చినవాడి మీద పడేది: ఇంతే ఇవ్వగలను, ఫలానావాళ్ళకే ఇవ్వగలను అని ఓటు అడిగే చోటే చెప్పాల్సి వచ్చేది. వెనక వేసినప్పుడు ఆ బరువు 3,601 యూనిట్లు కాలిన ఇంటి మీద పడింది. ఓటు వేసిన రోజున ఆవిడా లబ్ధిదారే.

అయితే లెక్క వేస్తే చాలు, న్యాయం దానంతట అదే జరుగుతుందని కాదు. అంచనా వేసేవాడు మనుషులు ఎలా నడుచుకుంటారో ముందుగా ఊహించుకోవాలి. ఆ ఊహలోనే పక్షపాతం దూరుతుంది. కర్ణాటకలో 2023 జూన్ 11న ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణం, శక్తి పథకం, మొదలైంది. కండక్టరు సున్నా టిక్కెట్టు కొట్టిస్తాడు, దాని వెల ప్రభుత్వం కార్పొరేషనుకు చెల్లించాలి. దీని ఖర్చు ఎలా కట్టాలి? పోయినేడాది ఎందరు ఆడవాళ్ళు ఎక్కారో ఆ సంఖ్యను చార్జీతో హెచ్చవేయడం సులువైన దారి. కాని చార్జీ పెట్టుకోలేక ఇంట్లో ఉండిపోయిన మనిషి పాత లెక్కలో లేదు. ఆవిడ బస్సెక్కిన రోజున ఖర్చు అంచనాను దాటుతుంది. ఖజానా పద్దులో అది దండుగ. పథకం ఎందుకు పెట్టారో తలచుకుంటే, ఫలితం అంటే అదే.

ఇదే ఊహ పెద్దవాళ్ళ దగ్గర వేరే పేరుతో చలామణీ అవుతుంది. 2019 సెప్టెంబరు 20న కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్సుతో కంపెనీల పన్ను రేటును 30 నుంచి 22 శాతానికి దించింది. ఏటా లక్షా నలభై ఐదు వేల కోట్ల రాబడి పోతుందని ఆర్థిక మంత్రే ఆనాడు చెప్పారు. ఆ చెప్పడం మెచ్చుకోదగ్గదే. పన్ను తగ్గితే పెట్టుబడి పెరుగుతుంది, పోయిన సొమ్ము తిరిగొస్తుంది అన్నది సమర్థన. 2018-19లో 6.63 లక్షల కోట్లున్న కంపెనీ పన్ను రాబడి 2019-20లో 5.57 లక్షల కోట్లకు పడింది. ఆ ఏడు వ్యాపారాల మాంద్యానికీ అందులో వాటా ఉంది గనక మొత్తం నేరం రేటు మీద మోపను. కంపెనీ నడవడి మారుతుందనే ఊహను ఆర్థికశాస్త్రం అంటాం. ఆడమనిషి నడవడి మారి బస్సెక్కితే దుబారా అంటాం. ఈ తేడా నాకు మింగుడు పడదు.

ఇక మన సంగతి. ఇన్నాళ్ళూ ఒక్క పైసా అంచనా కూడా ఎరగని వాగ్దానం ఒకటి మనలాంటి భాషా అల్పసంఖ్యాకులకు రాజ్యాంగంలోనే ఉంది. 1956లో ఏడో సవరణతో చేర్చిన 350-ఎ అధికరణం, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలంటుంది. ప్రయత్నించాలి, తగిన: ఈ రెండు మాటలకూ వెల ఎవరు కట్టగలరు? 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా మాతృభాషలో బోధన వీలైనంత వరకు అంటుంది. లేని సొమ్ముకు చట్టం పెట్టుకున్న ముద్దుపేరు వీలు.

అంకె దొరకదని కాదు. 1949 ఆగస్టులో విద్యామంత్రుల సమావేశం ఒక కొలమానం పెట్టింది: బడి మొత్తంలో 40 మందో, ఒక తరగతిలో 10 మందో పిల్లలుంటే ఆ భాషలో చెప్పేందుకు ఒక టీచరును వెయ్యాలి. ఇందులో నాకు నచ్చేది దాని మోటుతనం. తలలు లెక్కపెట్టి, టీచరు జీతంతో హెచ్చవేస్తే ఖర్చు తేలుతుంది. దాన్ని బడ్జెట్‌లో పెట్టవచ్చు, పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని సభలో అడగవచ్చు.

చిక్కల్లా తలల లెక్కలో ఉంది. తెలుగు అయ్యవారు రిటైరై ఆయన స్థానంలో ఎవరూ రాని బడిలో పిల్లల్ని తెలుగుకు రాయించే తల్లిదండ్రులుండరు. నాలుగేళ్ళకు రిజిస్టరులో ఆరుగురు మిగులుతారు. పదిమంది లేరు గనక టీచరు అక్కర్లేదంటారు. ఇది పాత చార్జీ నాటి బస్సు లెక్కే. కాబట్టి హోసూరులోనైనా బరంపురంలోనైనా మనం అర్జీ పెట్టేటప్పుడు రిజిస్టరులో ఉన్న సంఖ్య చూపి ఊరుకోకూడదు. ఆ ఊళ్ళో ఇంట తెలుగు మాట్లాడే బడియీడు పిల్లలెందరో వీధివీధీ తిరిగి రాసుకుని ఆ జాబితా జతచెయ్యాలి. ముందు టీచరును వేసి, రెండేళ్ళు ఉంచి, ఆ తరవాత పదిమంది ఉన్నారో లేరో చూడమనాలి. ఆ రెండేళ్ళ జీతం ఎంతవుతుందో కూడా అర్జీలోనే మనమే వేసి చూపాలి.