నిప్పూ, దీపమూ

'కర్ఫ్యూ' అనగానే మనకి పోలీసు జీపులూ, మూసేసిన దుకాణాలూ గుర్తొస్తాయి. అసలా మాట పుట్టింది పొయ్యి దగ్గరనండీ! పాత ఫ్రెంచి భాషలో దానికి 'నిప్పు కప్పు' అని అర్థం. వెనకటి రోజుల్లో యూరప్ ఊళ్లలో రాత్రి గంట కొట్టగానే, ఊరు తగలబడకుండా ఇళ్లల్లో పొయ్యి నిప్పులు కప్పెట్టేవారు. ప్రమాదం నిప్పుతో గనక నిప్పునే కప్పారు. న్యాయంగానే ఉంది కదూ?

మరి మనమో? ప్రమాదం ఒకరితో అయితే, కప్పేది ఇంకొకర్ని. 2015లో ఢిల్లీలోని జామియా మిలియా విశ్వవిద్యాలయం హాస్టలు అమ్మాయిలు రాత్రి ఆలస్యంగా రావడానికున్న అనుమతిని రద్దు చేసింది. దాంతో ఆడపిల్లల ఉద్యమమొకటి బయల్దేరింది. పేరు 'పింజ్రా తోడ్', అంటే పంజరం విరగ్గొట్టమని. 2022లో కోజికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల అమ్మాయిలు, రాత్రి 9.30 తర్వాత బయటికి వదలడం లేదని కేరళ హైకోర్టుకెక్కారు. గొడవ చేసేది మగవాళ్లయితే వాళ్లనే లోపల పెట్టవచ్చు కదా అన్నారు న్యాయమూర్తి. ఆ డిసెంబరులో ప్రభుత్వం అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఒకటే నియమం పెట్టింది.

రేపు అర్ధరాత్రి వార్డులో ప్రాణాలు నిలబెట్టాల్సిన పిల్ల, ఇవాళ లైబ్రరీ దాకా వెళ్లి రాలేదంటారా?

"కబుర్లకేం, ఏదైనా జరిగితే?" అంటారు. ఆ భయం నాకూ తెలుసు. మా అమ్మాయి పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, వీధి గుమ్మంలో నిలబడతాను. భయపడటం తల్లి సహజం. కానీ భయం మనదీ, శిక్ష దానిదీనా?

ఇంకో సంగతి. పదిమంది ఆడవాళ్లు తిరిగే వీధిలో ఏ పిల్లా నడవడానికి జంకదు. ఎవరి పిల్లని వాళ్లం లోపలికి పిలిచేసుకుంటే, డ్యూటీ ముగించుకుని ఆఖరి బస్సు దిగే నర్సు ఒంటరిదైపోతుంది. మన పిల్ల క్షేమం కోసం వేసిన తలుపు, ఇంకొకరి పిల్లకి వీధిని చీకటి చేస్తుంది.

వేళాపాళా వద్దని అనను. "ఎక్కడికి? ఎప్పుడొస్తావు?" అని అబ్బాయినీ అడుగుదాం. వీధి దీపం వెలగకపోతే నలుగురం కలిసి మునిసిపాలిటీకి అర్జీ పెడదాం. ఇంటికి దీపం ఇల్లాలన్నారు పెద్దలు. దీపం పని చీకట్లోనే కదా! కప్పవలసింది నిప్పుని, దీపాన్ని కాదు సుమండీ!